నడిమి గుడ్డ

మా ఇంట్లో బొంతలకు పేర్లున్నాయి. చుట్టాలొస్తే పరిచేది లసుమవ్వ బొంత. లసుమవ్వ మా అత్తమ్మకు అత్త. ఆమె పోయి ముప్పై ఏళ్లు దాటినా, ఇంటికి ఎవరైనా వస్తే "లసుమవ్వను దించుండ్రి" అంటారు, అటక మీంచి ఆ బొంత దిగుతుంది. మిగతావన్నీ గంగవ్వ బొంతలు. గంగవ్వ అంటే మా అత్తమ్మే. ఈ పేర్లు ఊరికే రావు. ప్రతి బొంతకూ నడుమ జానెడు గుడ్డ ఒకటి ఉంటుంది. కుట్టే మనిషి తాను కట్టి కట్టి మెత్తబడ్డ బట్టలోంచి దాన్ని తీసి పెట్టాలి. నడిమి గుడ్డ ఎవరిదో బొంత వాళ్లది. మా ఇంట్లో దీనికి తిరుగు లేదు.

నేను కుట్టినవి అప్పటికి పదకొండు. వాటికి నడిమి గుడ్డా లేదు, పేరూ లేదు. అత్తమ్మ దృష్టిలో అవన్నీ కలిపి "మిషిని బొంతలు".

నేను కోరుట్ల డిపోలో బస్సు కండక్టర్‌ని. పేరు వనిత. కోరుట్ల నుంచి కథలాపూర్, వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయి రావడం నా డ్యూటీ. పొద్దంతా టికెట్ మిషన్, ఇంటికొచ్చాక కుట్టు మిషన్. మొదటిది తిండి పెడుతుంది. రెండోది నన్నెవరూ చెయ్యమనని పని, అందుకే అదంటే అంత పిచ్చి. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. వాళ్లు మాట్లాడే భాష ఒక్క ముక్క అర్థం కాదు, చేతులు చూస్తూ కూర్చునేదాన్ని. మా ఆయన సంజీవ్ మోటార్లు వైండింగ్ చేస్తాడు. పాత తొక్కుడు మిషన్‌కు పెడల్ తీసేసి ఆయనే మోటారు బిగించి ఇచ్చాడు. ఇచ్చి, తన అంగీలున్న బీరువాకు తాళం కూడా బిగించుకున్నాడు. కాస్త రంగు వెలిసిన అంగీ కనబడితే నేను ముక్కలు కోస్తానని ఆయన భయం. ఆ భయం సమంజసమే.

గొప్ప చెప్పుకుంటున్నానని అనుకుంటే అనుకోండి, నా కుట్టు బాగుంటుంది. మూడు పొరలు పరిచి, పిన్నీసులు పెట్టి, బొంతను చుట్ట చుట్టి మిషన్ మెడ కింద దూర్చి, అటు నుంచి ఇటు గుంజుతుంటే భుజాలు పడిపోతాయి. కానీ కుట్టు మాత్రం గీత గీసినట్టే పోతుంది. డిపోలో డ్రైవర్ల సీట్ల మీద నేను కుట్టిన గద్దెలే ఉంటాయి. ఇంట్లో అత్తమ్మ ఒక్కతే నేను కుట్టినదాని మీద కూర్చునేది కాదు.

నిరుడు ఎండాకాలం మొదట్లో, నేను ఆఫ్‌లో ఉన్న రోజు, అత్తమ్మ తన రేకు పెట్టె తెరిచింది. వేపాకుల వాసన ఇల్లంతా నిండింది. అడుగు నుంచి సగం కుట్టిన చిన్న బొంత తీసింది.

ఆ బొంత సంగతి అందరికీ తెలుసు, ఎవరం మాట్లాడుకోం. మా ఆడబిడ్డ సుమలత మొదటిసారి నీళ్లోసుకున్నప్పుడు అత్తమ్మ దాన్ని మొదలుపెట్టింది. అంచుల నుంచి చుట్టూ వరుసలు కుట్టుకుంటూ లోపలికి రావడం ఆమె పద్ధతి. తెల్ల దారంతో పన్నెండు వరుసలయ్యేసరికి సుమలతకు కడుపు నిలవలేదు. బొంత పెట్టెలోకి పోయింది. నాలుగేళ్లకు మళ్లీ నెల తప్పింది. ఈసారి ఎర్ర దారంతో తొమ్మిది వరుసలు. అదీ నిలవలేదు. నడుమ రెండు జానల మేర, అత్తమ్మ ఆకుపచ్చ చీర ముక్క చుట్టూ, కుట్టు లేకుండా మిగిలిపోయింది. పెళ్లయిన పన్నెండేళ్లకు ఇప్పుడు మూడోసారి. ఏడో నెల నడుస్తోంది.

అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుని సూది పట్టుకుంది. అంతకుముందు వానాకాలంలో వచ్చిన చికున్‌గున్యా జ్వరం ఆమె వేళ్ల కణుపులను వదల్లేదు. సూది గుడ్డలోకి దిగింది, ఇవతలికి రాలేదు. రెండో చేత్తో గుంజింది. మూడో కుట్టు దగ్గర సూది జారి కింద పడింది. వెతికి ఇచ్చాను. మళ్లీ పడింది.

"అత్తమ్మా, నేను కుడుత ఇటియ్యి. నడుమ జెరంతనే ఉన్నది. మిషన్ మీద ఒక్క పూట పని."

"పసిపిల్ల పండే బొంత మిషిని మీద కుడుతరా?"

"కుడితే ఏమైతది?"

"గుడ్డ యాడ బిగిసింది, యాడ వదులైంది అని చెయ్యికి తెలుస్తది. నీ మిషినికేం తెలుస్తది? గది ఉరుకుడు తప్ప ఏం ఎరుక దానికి?"

నాకు కోపమొచ్చింది. పదకొండు బొంతలు కుట్టినదాన్ని. ఆమె బొంతను మడిచి పెట్టెలో పెట్టేసింది. రేపు చేతులు నెమ్మదిస్తాయంది. ఆ రేపు నెల రోజులైనా రాలేదు. రోజూ పెట్టె తెరవడం, రెండు కుట్లు, మళ్లీ మూయడం.

సిరిసిల్లలో మా బస్సు నలభై నిమిషాలు ఆగుతుంది. సుమలత వాళ్లిల్లు బస్టాండు వెనకే. ఆమె భర్త నరేందర్ మరమగ్గాల మీద పని చేస్తాడు, నా కోసం కట్ పీసులు సంచిలో వేసి ఉంచుతాడు. మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ సంచి కోసం వెళ్లాను. సందు పొడుగునా మగ్గాల మోత. సుమలత ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉంది. డాక్టరమ్మ ప్రయాణాలు వద్దంది కాబట్టి కాన్పుకు పుట్టింటికి తీసుకురాలేకపోయాం.

"వదినె, అవ్వ బొంత ఎంతదాక అచ్చింది?" అంది, నేను చెప్పులు విడవకముందే.

"అయితున్నది."

"ఎన్ని వరుసలైనయి?"

టికెట్టు లేకుండా ఎక్కిన వాళ్లను మొహం చూసి పట్టేస్తాను నేను. ఆ రోజు నా మొహం సుమలత చూడకుండా సంచిలో ముక్కలు సర్దుకున్నాను. వాళ్లమ్మ చేతులు పని చేయడం లేదని ఆమెకు చెప్పలేదు మేము.

"వదినె, రెండుమాట్ల ఆగింది గది. నేను పుట్టింటికి రాకపోతిని, తొట్టెల వద్దు, సామాను వద్దు. గా బొంత ఒక్కటి ఆగకుంట సూడు. గది మల్ల ఆగిందంటే నాకు భయమైతది."

"ఆగది. నాది పూచీ," అన్నాను. ఆలోచించి అన్నమాట కాదు. నా నోరు ఎప్పుడూ నాకంటే ఒక స్టేజీ ముందుంటుంది.

ఆ వారమే అత్తమ్మ కథలాపూర్ వెళ్లింది. ఆమె తమ్ముడు ఓదెలు బిడ్డ పెళ్లి, మూడు రోజులు. ఆమె అలా గడప దాటగానే నేను ఇలా పెట్టె తెరిచాను. దొంగతనమనిపించలేదు. ఆమె వచ్చేసరికి పూర్తయిన బొంత పెట్టెలో ఉంటుంది, చూసి ఒకపూట అలుగుతుంది, సుమలత నవ్వుతుంది, అయిపోతుంది అనుకున్నాను.

ఇక్కడ నా పొరపాటు సరిగ్గా చెప్పాలి. మిషన్ మీద బొంతను నడుమ నుంచి మొదలుపెట్టి బయటికి కుట్టాలి. అది నాకు తెలియక కాదు, నా పదకొండూ అట్లాగే కుట్టాను. కానీ ఈ ఒక్కదానికి అత్తమ్మ బాట పట్టాను. ఆమె ఎర్ర దారం ఎక్కడ ఆగిందో అక్కడ నా నీలం దారం అందుకుని, ఆమెలాగే చుట్టూ తిరుగుతూ లోపలికి వచ్చాను. చూసినవాళ్లకు ఒకే చెయ్యి కుట్టినట్టుండాలని నా ఆశ.

మొదటి రాత్రి రెండు వరుసలు బాగానే పోయాయి. రెండో రోజు నాకు ఆఫ్. మూడో వరుసకు పైగుడ్డ కొంచెం ఉబ్బింది. అరచేత్తో అదిమి కుట్టాను. ఐదో వరుసకు మిషన్ పాదం ముందు గుడ్డ అలలాగా లేచింది. అప్పుడు ఆపాల్సింది. ఆపలేదు. ఇంకో రెండు వరుసలు లాగించాను. చుట్ట విప్పి నేల మీద పరిచేసరికి నడుమ ఆకుపచ్చ గుడ్డ అంతెత్తు లేచి కూర్చుంది. అణిస్తే ఇటు నుంచి లేచింది, ఇటు అణిస్తే అటు లేచింది. ఇస్త్రీ పెట్టె వేడి చేసి పెట్టాను. పాత నూలుగుడ్డ ఒక పక్క మాడి గోధుమరంగు తిరిగింది.

సంజీవ్ భోజనానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇదేందే? నడుమ గుట్ట లేసింది?"

"అన్నం వండలేదు. పెరుగున్నది, తిను."

"అవ్వ బొంతనా గది?" అన్నాడు. నేను తలెత్తలేదు. ఆయన ఇంక ఎగతాళి చేయలేదు. "మడతపెట్టి పెట్టెల పెట్టు. అవ్వకు కండ్లు గూడ సరిగ ఆనుతలేవు," అన్నాడు.

మడతపెట్టడానికి చూశాను. గుట్ట మడత పడలేదు.

మర్నాడు డ్యూటీకి ముందు దాన్ని సంచిలో వేసుకుని జమాలున్నీసా ఆపా దగ్గరికి పోయాను. పాత బస్టాండు దగ్గర ఆమెది రజాయిల దుకాణం. నలభై ఏళ్లుగా దూదితోనే బతుకు. బొంతను బల్ల మీద పరిచి, కళ్లద్దాలు పెట్టుకుని చూసింది.

"నాలుగు దిక్కులకెళ్లి నడుమకు తోసుకుంట అచ్చినవ్. చెయ్యి అయితే గుడ్డను సదురుకుంట పోతది. మిషన్ తోసుకుంట పోతది. అంత తోసినంక గుడ్డ యాడికి పోవాలె బేటీ? మీదికి లేసింది."

"నా కుట్లు ఊడదీసి, నడిమిలకెళ్లి మల్ల కుడితె?"

"నీ కుట్లు ఒక్కటే ఊడదీస్తే కాదు. మిగిలిన గుడ్డ బయటికి సదురుకోను జాగ కావాలె. గీ ఎర్రయి గూడ నాలుగు వరుసలు పోవాలె." అద్దాలు తీసి నా వైపు చూసింది. "గివి ఎవరియి?"

"మా అత్తమ్మయి."

"గవి నేను ఊడదియ్య. నువ్వు గూడ ముట్టకు. పోయి అడుగు."

ఆ రోజు తిరుగు ట్రిప్పులో, కథలాపూర్ స్టేజీ దగ్గర, పెళ్లి నుంచి వస్తున్న అత్తమ్మ నా బస్సే ఎక్కింది. నెత్తి మీద కొంగు, చేతిలో లడ్డూల కవరు. బస్సు కిటకిటలాడుతోంది. ఆడవాళ్లకు టికెట్టు ఊరికే అయినప్పటి నుంచి మా రూట్లో నిలబడే జాగా కూడా దొరకదు. ఒకామెను జరిపి అత్తమ్మను కూర్చోబెట్టాను. ఇంటికి పోయాక మెల్లగా చెబుదామనుకున్నాను. కానీ నా కడుపులో ఏదీ అరగంట దాగదు.

"అత్తమ్మా, నీ బొంత ఖరాబు చేసిన."

ఆమె తలెత్తి చూసింది. పక్కనున్న ముగ్గురూ చూశారు.

"ఏ బొంత?"

"సుమలత బొంత. నువ్వు లేనప్పుడు పెట్టె తెరిచిన. మిషన్ మీద కుట్టిన. నడుమ గుట్ట లేసింది. ఇస్త్రీ పెడితే మాడింది."

డ్రైవర్ దేవయ్య కూడా అద్దంలోంచి చూశాడు. అత్తమ్మ కిటికీ వైపు తిరిగి, చెయ్యి చాచింది.

"టికెట్ కొట్టు ముందు," అంది.

సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగుకు ముడేసుకుంది. బస్సులో వాళ్లకు మాత్రం ఓపిక లేదు. ఒకామె, నా కోడలైతే ఇంట్లోంచి వెళ్లగొడుదునంది. ఇంకొకామె, పదిమందిలో ఒప్పుకున్నది కదా పాపం అంది. వాళ్ల తీర్పులు కాసేపు విన్న అత్తమ్మ వెనక్కి తిరిగి, "మా ఇంటి బొంత. మీకేంది నడుమ?" అంది. కోరుట్లలో దిగేటప్పుడు నా చేతిలో ఒక లడ్డూ పెట్టి పోయింది. అది తినాలో వద్దో తెలియక జేబులో వేసుకున్నాను.

ఇంట్లో బొంత పరిచి చూపించాను. ఆమె తిట్టలేదు. అరచేతిని తెల్ల కుట్ల మీద, ఎర్ర కుట్ల మీద, నీలం కుట్ల మీద మెల్లగా జరుపుకుంటూ వచ్చి, గుట్ట దగ్గర ఆపింది. అక్కడే చాలాసేపు ఉంచింది. నాకు ఏడుపొచ్చింది. బస్సులో తాగినవాళ్లతో కొట్లాడేటప్పుడు కూడా రాని ఏడుపు.

ఆపా చెప్పింది చెప్పాను. నాలుగు ఎర్ర వరుసలు పోవాలని కూడా.

"ఇగ నా చేతికెళ్లి వరుసలు రావు గద వనితా," అంది అత్తమ్మ. నన్ను అడగలేదు, చెప్పింది అంతే.

తెల్లారి లేచి చూస్తే ఆమె వాకిట్లో చాప మీద ఉంది. ఒడిలో బొంత, చేతిలో నేను కుట్లు ఊడదీసే చిన్న కొక్కెం. అది పెన్సిల్‌లో సగం లావు కూడా ఉండదు, వాచిన వేళ్లలో నిలవడం లేదు. పళ్లు తోముకుంటున్న సంజీవ్ అది చూసి, లోపలికి పోయి వైండింగ్‌కు వాడే నల్ల టేపు తెచ్చాడు. కొక్కెం పిడికి చుట్లు చుట్లుగా చుట్టి, పిడికిట్లో పట్టేంత లావు చేసి ఇచ్చాడు. అత్తమ్మ పట్టుకుని చూసుకుంది. నీలం కుట్టు ఒకటి టప్పున తెగింది.

"కుట్టుటానికి గుచ్చాలె. గది నాకెళ్లి కాదు. గుంజుడైతే అస్తది," అంది.

నా ఏడు వరుసలు ఊడదీయడానికి ఆమెకు ఐదు రోజులు పట్టింది. నేను పట్టబోతే నా చెయ్యి తోసేసేది. ఆరో రోజు ఎర్ర వరుసల దగ్గరికి వచ్చింది. నేను డ్యూటీకి తయారై నిలబడి చూస్తున్నాను.

"అత్తమ్మా, ఇంకో ఉపాయం సూద్దాం. నీయి ఉండనియ్యి."

"ఉంచి ఏం జేస్త? గుడ్డకు జాగ కావాలె గద."

కొక్కెం పెట్టి ఎర్ర దారం గుంజింది. తన చేతి కుట్టు కదా, సులువుగా రాలేదు. నాలుగు వరుసల ఎర్ర దారాన్నీ వేలికి చుట్టి ఉండ చేసి, పారేయకుండా పెట్టెలో వేసింది. ఆ పూట నేను టికెట్లు తప్పు కొట్టాను, రెండుసార్లు.

తర్వాతి ఆఫ్ రోజు మిషన్ కిటికీ దగ్గరికి జరిపాం. మాడిన ఆకుపచ్చ గుడ్డను అత్తమ్మే కత్తిరించి తీసేసింది. నడుమ ఖాళీ.

"నడిమి గుడ్డ తే," అంది.

ఆమె చీరల కోసం పెట్టె దగ్గరికి పోయాను.

"అటెందుకు? నీయి తే. కుట్టేది నువ్వు గద."

నేను ఏం విననట్టే లోపలికి పోయి నా చీరలు అరడజను తెచ్చి ముందు పడేశాను. ఆమె ఒక్కొక్కటీ చెంపకు ఆనించి చూసి పక్కన పెట్టింది. అన్నీ పాలిస్టర్. ఎంత కట్టినా మెత్తబడే రకం కాదు.

"వీటిల్ల ఒక్కటన్న పిల్ల చెంపకు పనికస్తదా? రోజు నీ ఒంటి మీద ఉన్నదేందో అది తే."

"రోజూ ఏమున్నది అత్తమ్మా, డ్యూటీ కోటే."

అన్నాక నాకే నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. లేచి, వెనక వసారాలోకి పోయింది. నా పాత ఖాకీ కోటు అక్కడ మేకుకు వేలాడుతుంది. వేరే రంగు కొత్త యూనిఫాం రాకముందు ఏళ్ల తరబడి వేసుకున్నది. ఉతికి ఉతికి కాగితంలా పలచబడింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ కోటును ఇంటి ముందు తీగ మీద ఆరేయనిచ్చేది కాదు అత్తమ్మ. వాడవాళ్లు చూస్తారని వెనక వసారాలో ప్రత్యేకంగా ఒక తీగ కట్టించింది. ఇప్పుడు దాన్ని మేకు మీంచి తీసి, దులిపి, చెంపకు ఆనించి చూసుకుంటూ వచ్చింది.

"గిది మెత్తగున్నది," అంది.

జేబు ఉన్న మేర జానెడు ముక్క కత్తిరించాను. జేబు విప్పబోతే వద్దంది.

"ఉండనియ్యి. గింజలకు జాగ అయితది."

అది ఆమె ఇంకో పద్ధతి. పిల్ల బొంతలో ఒకచోట కుట్టు మూయకుండా వదులుతుంది. పుట్టిన పిల్ల ఏడుపు విన్నాక, అందులో ఐదు బియ్యపు గింజలు వేసి, అప్పుడు మూస్తుంది. బొంత ఆకలితో ఉండొద్దట. ఇదివరకు మూలన వదిలేది. ఈసారి ఖాకీ జేబు.

నడుమ నుంచి మొదలుపెట్టాం. మిషన్‌కు ఇటు నేను, అటు స్టూలు మీద అత్తమ్మ. ఆమె రెండు అరచేతులూ గుడ్డ మీద ఆనించి కూర్చుంది. "ఆగు" అంటే ఆపేదాన్ని. ఎక్కడ గుడ్డ ఎక్కువైందో నాకు కనబడకముందే ఆమె చేతికి తెలిసేది. కణుపులు వాచినా అరచేతికి ఏమీ కాలేదు. కొంచెం కొంచెంగా బయటికి సదిరి, "ఊఁ" అనేది. మోటారు వేగం తగ్గించి, కుట్టు తర్వాత కుట్టు వేసుకుంటూ పోయాను. నేనెప్పుడూ అంత నెమ్మదిగా కుట్టలేదు. మూడు ఆఫ్ రోజులు పట్టింది. నీలం దారం వెళ్లి ఎర్ర దారాన్ని కలిసిన చోట ఒక్క ముడత లేదు. అత్తమ్మ అరచెయ్యి ఈ అంచు నుంచి ఆ అంచుకు జరిపింది. ఎక్కడా ఆగలేదు.

"నీ మిషిని జెర సెప్పినట్టు ఇంటది," అంది. నా పదకొండు బొంతలకూ కలిపి ఆమె ఇచ్చిన మెప్పు అదే.

జూన్ రెండో వారంలో, మొదటి వాన పడుతున్న పొద్దున, నరేందర్ ఫోన్ చేశాడు. సంజీవ్ ఎత్తి, "ఆడపిల్ల! ఇద్దరు మంచిగున్నరట," అని అరిచాడు.

"ఏడుపు ఇనిపియ్యుమను," అంది అత్తమ్మ.

ఫోన్ ఆమె చెవికి పెట్టాడు. వాన చప్పుడులో మాకేం వినపడలేదు. ఆమె మాత్రం కళ్లు మూసుకుని విన్నది. తర్వాత వంటింట్లోకి పోయి గింజలు తెచ్చింది. లెక్కపెట్టి ఐదు, ఖాకీ జేబులో వేసింది. నేను బొంతను మిషన్ కిందికి దూర్చి మీట నొక్కాను. మోటారు తిరగలేదు. వానకు కరెంటు పోయింది.

"ఎప్పుడస్తదో ఏమో. మోటారుకున్న బెల్టు తీస్త," అన్నాడు సంజీవ్. "చక్రం చేతితోని తిప్పుకుంట కుట్టుండ్రి."

బెల్టు తీశాడు. గుడ్డ పట్టుకోవడానికి నాకు రెండు చేతులూ కావాలి. అత్తమ్మ స్టూలు జరుపుకుని, చక్రం మీద అరచెయ్యి పెట్టింది.

"తిప్పుడైతే అస్తది నాకు," అంది.

ఆమె తిప్పింది. నేను గుడ్డ నడిపాను. జేబు నోరు బెత్తెడు. ఇరవై కుట్లుంటాయేమో. చివరి కుట్టు పడ్డాక దారం తెంపబోతే, అప్పటికే ఆమె కత్తెర అందిస్తోంది.

ఆ రోజు నాకు పదింటి డ్యూటీ. బొంతను ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని అత్తమ్మ నా బస్సులోనే ముందు సీట్లో కూర్చుంది. ఎవరు జరగమన్నా సంచిని ఒడిలోంచి దించలేదు. సిరిసిల్లలో దిగి, నలభై నిమిషాల్లో తిరిగి వస్తానని దేవయ్యకు చెప్పి, ఇద్దరం తడుస్తూనే దవాఖానకు నడిచాం.

సుమలత గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మొహం పీక్కుపోయింది, కళ్లు మాత్రం వెలుగుతున్నాయి. పక్కన పిల్ల దవాఖానవాళ్ల గుడ్డలో చుట్టి ఉంది, నల్లటి జుట్టు, ముడుచుకున్న పిడికిళ్లు.

"అవ్వా, బొంత అయిందా?"

అత్తమ్మ సంచి విప్పి బొంతను ఆమె ఒళ్లో పరిచింది. సుమలత వేలు తెల్ల దారం మీద నడిచింది, ఎర్ర దారం మీద నడిచింది. ఆ రెండు దారాలు ఎప్పటివో ఆమెకు తెలుసు. కళ్లు తుడుచుకుంది. వేలు నీలం దారం దాటి నడుమకు వచ్చి ఆగింది.

"గిదేంది అవ్వా? నీ పచ్చ చీర గుడ్డ ఏది? ఖాకీ ఎందుకున్నది నడుమ?"

నేను చెప్పబోయాను. పెట్టె తెరిచింది, గుట్ట లేచింది, అంతా వరుసగా చెప్పేద్దామని నోరు తెరిచాను.

"వనిత బొంతల వనిత గుడ్డ ఉండక, నాదెందుకుంటది?" అంది అత్తమ్మ. "మాటలాపి బొంత పరుసు. పిల్ల కింద సల్లగున్నది."

బొంత మంచం మీద పరిచి, పిల్లను నేనే ఎత్తి దాని మీద పడుకోబెట్టాను. పిల్ల తల ఖాకీ జేబు పక్కన ఒదిగింది. సుమలత నా చెయ్యి పట్టుకుంది. ఇంకాసేపు ఉంటే అక్కడే కూలబడి ఏడ్చేదాన్ని. బస్సుకు టైమైందని చెప్పి బయటపడ్డాను.

బస్టాండులో దేవయ్య ఇంజిన్ మీద ఉన్నాడు. జనం నిండిపోయారు. నేను తడిచిన చీర కొంగు పిండుకుని పైకెక్కాను.

"ఏమాయె? మంచిగున్నదా పిల్ల?" అన్నాడు.

"మంచిగున్నది."

"పొద్దటికెళ్లి గంగవ్వ గా సంచి ఇడిసి పెట్టలేదు. ఏమున్నది దాంట్ల?"

"వనిత బొంత," అన్నాను. నా గొంతు వెనక సీటు దాకా వినబడింది. "ఇగ పోనియ్యి. రైట్, రైట్."